ఏ తేనెటీగ గురించి అడుగుతున్నారు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి శీర్షికకు తేనెటీగల మీద వచ్చిన ఉత్తరాలలో కొన్నింటిని తీసుకున్నాం. జవాబులకు ముందు ఒక్క మాట చెప్పుకోవాలి. మన ప్రాంతంలో పట్టు పెట్టి తేనె కూర్చే ఈగలు నాలుగు రకాలు. కొండ చరియలకు, పెద్ద చెట్ల కొమ్మలకు, మేడల అంచులకు ఒకే పెద్ద పట్టు వేలాడదీసేది కొండ తేనెటీగ. పొదలో సన్నని కొమ్మకు అరచేయంత పట్టు పెట్టేది చిన్న తేనెటీగ. చెట్టు తొర్రలో, పుట్టలో, గోడ సందులో వరుసగా నాలుగైదు పట్లు కట్టేది పుట్ట తేనెటీగ. నాలుగోది ఐరోపా తేనెటీగ. అది 1960ల ఆరంభంలో నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకుని, అక్కడి నుంచి దేశమంతటికీ పెట్టెలలో వ్యాపించింది. తేనెటీగల మీద పరిశోధన అంటూ పత్రికలలో వచ్చే వార్తలలో అధిక భాగం ఈ నాలుగోదాని గురించినవే. దానికి వర్తించేది మిగిలిన మూడింటికీ వర్తిస్తుందని అనుకోవడం వల్లనే చాలా ప్రశ్నలు పుడుతున్నాయని ఈ ఉత్తరాలు చదివాక అనిపించింది.

ప్రశ్న: పుచ్చ తోటలో పూత విరగబూసింది గాని పిందె నిలవడం లేదు. నిలిచిన కాయలు కూడా ఒక పక్క ఉబ్బి, మరో పక్క సొట్టపడి వస్తున్నాయి. మందుల దుకాణం వారు బోరాన్ లోపమని చెప్పి పిచికారీ చేయించారు. మార్పు లేదు. తేనెటీగల పెట్టెలు పెట్టిస్తే ఫలితం ఉంటుందా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: పుచ్చ తీగకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు అడుగున గోలీకాయంత నూగు పిందె విచ్చుకోక ముందే కనబడుతుంది. పొద్దు పొడిచాక విచ్చుకున్న పువ్వు మధ్యాహ్నం దాటేసరికి ముడుచుకుపోతుంది, మళ్లీ తెరుచుకోదు. పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది కాబట్టి గాలికి ఎగరదు. ఏదో ఒక ఈగ ఒంటి నూగుకు అంటుకుని రావలసిందే. ఆడపువ్వు నడుమ పుప్పొడిని అందుకునే కీలాగ్రం మూడు తమ్మెలుగా ఉంటుంది. ఆ మూడింటి మీద పుప్పొడి సమానంగా పడినప్పుడే కాయ అన్ని వైపులా ఊరుతుంది. ఒక తమ్మెకు పుప్పొడి చాలకపోతే ఆ వైపు గింజలు సరిగా కట్టవు, గింజ కట్టని చోట కండ కూడా పెరగదు. మీరు రాసిన సొట్ట ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. ఈగ ఒక్కసారి వాలి వెళితే పని పూర్తి కాదు; మంచి కాయ కట్టాలంటే ఒక్కో ఆడపువ్వు మీద కనీసం ఎనిమిది సార్లు వాలాలని అమెరికాలో 1960లలోనే గమనించారు.

బోరాన్ తక్కువైనా పిందె రాలుతుంది కాబట్టి దుకాణం వారి మాటను పూర్తిగా తోసిపుచ్చనక్కరలేదు. అయితే మరో సీసా కొనేముందు ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. సాయంత్రం పూట తోటలో తిరిగి, మర్నాడు విచ్చుకోబోయే ఆడమొగ్గలను ఒక ఇరవై గుర్తించి వాటి తొడిమలకు రంగుదారం కట్టండి. అలాంటి మొగ్గల కొసలు అప్పటికే పసుపు తిరిగి ఉంటాయి. తెల్లవారి పువ్వు విచ్చుకోగానే తాజా మగపువ్వును తెంచి, రేకులు వెనక్కి మడిచి, ఆ కేసరాలను ఆడపువ్వు మూడు తమ్మెలకూ మెత్తగా అద్దండి. ఒక ఆడపువ్వుకు రెండు మూడు మగపువ్వులు వాడితే మరీ మంచిది. వారం గడిచాక దారం కట్టినవి నిలిచి, కట్టనివి పచ్చబడి రాలిపోతూ ఉంటే లోపం పరాగ సంపర్కానిదే. దారం కట్టినవి కూడా రాలుతుంటే నీటి తడులను, పోషకాలను, తెగుళ్లను చూసుకోవాలి.

లోపం ఈగలదే అని తేలితే ఎకరానికి ఒకటి రెండు ఐరోపా తేనెటీగల పెట్టెలు సరిపోతాయి. పూత పదో వంతు వచ్చాక మాత్రమే పెట్టెలు దింపించండి. ముందే తెచ్చి పెడితే ఈగలు చుట్టుపక్కల వేరే పూలకు అలవాటు పడిపోతాయి, తరువాత మీ తోట వైపు చూడవు. పెట్టెలకు మధ్యాహ్నపు నీడ, దగ్గరలో నీరు ఉండాలి. మొక్కల మీద క్రాప్ కవర్ కప్పి పెంచుతున్నవారు ఆడపూలు రాగానే దాన్ని తీసివేయాలి. గుడ్డ కింద పూసిన పువ్వు దగ్గరకు ఈగ ఎలా వస్తుంది? చెప్పడానికి ఇది చిన్న విషయమే గాని, పెట్టెలకు అద్దె కట్టి కూడా కవర్ తీయని తోటలు ఉన్నాయి. మరొకటి, పుచ్చ పూల మీద పెట్టె ఈగలే కాక చిన్న తేనెటీగలు, పుట్ట తేనెటీగలు, కుట్టని బుల్లి ఈగలు కూడా వాలుతాయి. ఉదయం 7 నుంచి 9 గంటల మధ్య ఒక సాలు వెంట నెమ్మదిగా నడిచి పూల మీద ఎన్ని ఈగలున్నాయో చూడండి. అవి కావలసినన్ని కనబడితే పెట్టెల అవసరమే ఉండకపోవచ్చు.

ప్రశ్న: పొద్దుతిరుగుడు పూతకు నంద్యాల ప్రాంతానికి పెట్టెలు తీసుకువెళ్లాను. పక్క పొలంలో పొద్దున మందు కొట్టారు. సాయంత్రానికి నా పెట్టెల ముందు చచ్చిన ఈగలు కుప్పపడ్డాయి. వాళ్లు కొట్టింది పురుగుమందు, తెగులు మందు కలిపిన నీళ్లు. తెగులు మందు తేనెటీగలకు హాని చేయదని, తక్కువ మోతాదు పురుగుమందుకు ఇన్ని చావవని వాదిస్తున్నారు. ఇందులో నిజమెంత?
– ఒక తేనెటీగల పెంపకందారు

జవాబు: తెగులు మందును విడిగా చూస్తే వాళ్ల మాటలో కొంత నిజం ఉంది, కలిపి కొట్టినప్పుడు ఆ నిజం నిలవదు. ఈగ ఒంట్లో విషాన్ని విరిచే ఎంజైములు కొన్ని ఉంటాయి. ప్రోపికొనజోల్ వంటి ట్రయజోల్ రకం తెగులు మందులు శిలీంధ్రాన్ని చంపే క్రమంలో ఈగలోని ఆ ఎంజైములను కూడా అడ్డుకుంటాయి. అప్పుడు మామూలుగా ఈగ తట్టుకోగల మోతాదు పురుగుమందు కూడా ప్రాణాంతకమవుతుంది. సింథటిక్ పైరిత్రాయిడ్లు, నియోనికోటినాయిడ్లు అనే రెండు రకాల పురుగుమందులలో కొన్నింటితో ఈ ప్రభావం ప్రయోగశాలలో పదేపదే రుజువయింది. మన రైతులు కూలి ఖర్చు కలిసివస్తుందని రెండు మూడు రకాలు ఒకే ట్యాంకులో కలపడం రోజూ జరిగే పని. సీసా మీది హెచ్చరిక మాత్రం ఆ ఒక్క మందుకు సంబంధించినదే. ఈ వ్యత్యాసాన్ని రైతుకు చెప్పేవారు లేకపోవడమే అసలు లోపమని నా అభిప్రాయం.

చచ్చిన ఈగలను దగ్గరగా చూడండి. నాలుక బయటికి సాగి ఉంటే అది విషప్రభావానికి బాగా తెలిసిన గుర్తు. మేతకు వెళ్లిన ఈగలు మాత్రమే ఒకటి రెండు రోజులు చచ్చి ఆగిపోతే విషం పొలంలోనే తగిలిందన్నమాట. లోపల పిల్లలను సాకే లేత ఈగలు కూడా వారాల తరబడి చస్తూ ఉంటే విషం పుప్పొడితో పాటు పెట్టెలోకి చేరిందని అనుకోవాలి; అప్పుడు పుప్పొడి నిలవ ఉన్న చట్రాలను తీసివేయడం మేలు. పొడి మందులు ఇందులో మరీ ప్రమాదకరం, ఎందుకంటే అవి పుప్పొడిలాగే ఈగ నూగుకు అంటుకుంటాయి.

కుప్పపడి చావని నష్టం కూడా ఉంది. ఫ్రాన్సులో ఈగల వీపు మీద అతి చిన్న రేడియో చీటీలు అతికించి, కొన్నింటికి చావని మోతాదులో థయామెథాక్సాం అనే నియోనికోటినాయిడ్ మందు కలిపిన చక్కెర నీళ్లు తాగించి, దూరంగా వదిలారు. మందు తాగని ఈగలతో పోలిస్తే, తాగినవాటిలో పెట్టెకు తిరిగి రానివి చాలా ఎక్కువ. 2012లో సైన్స్ పత్రికలో వచ్చిన ఈ ఫలితం, ఆ తరువాతి అధ్యయనాలు కలిసి ఐరోపా సమాఖ్యను కదిలించాయి. ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సాంలను ఆరుబయట పంటల మీద వాడకుండా 2018లో అక్కడ నిషేధించారు.

పక్క పొలం వారితో మాట్లాడేటప్పుడు మీ నష్టం కంటే వారి నష్టం ముందు చెప్పండి. పొద్దుతిరుగుడులో పువ్వు తన పుప్పొడితో తాను సరిగా గింజ కట్టలేదు, అందుకే తాలు గింజలు వస్తాయి. ఈగలు లేని చోట ఉదయం పూట పలుచని గుడ్డ చుట్టిన చేతితో పూలను రుద్దమని వ్యవసాయ శాఖ వారు ఏళ్లుగా చెబుతున్నది అందుకే. హెక్టారుకు 5 పెట్టెలు పెడితే ఆ రుద్దుడు పని ఈగలే చేస్తాయి. కొట్టక తప్పని మందును, విడివిడిగా, ఈగలు గూటికి చేరిన తరువాత సాయంత్రం కొట్టమని అడగండి. ముందురోజు మీకు కబురు అందితే రాత్రికి రాత్రి పెట్టెలు తరలించవచ్చు. మూడు కిలోమీటర్లకు తక్కువ దూరం అయితే ఈగలు పాత చోటికే తిరిగి వస్తాయి. కదిలించడం కుదరకపోతే వాకిలికి గాలి ఆడే జాలీ పెట్టి, పైన తడి గోనె కప్పి, మర్నాటి ఎండ ముదరకముందే తెరవాలి.

ప్రశ్న: హైదరాబాదులో మా అపార్ట్‌మెంటు తొమ్మిదో అంతస్తు బాల్కనీ కింద పెద్ద తేనెపట్టు పెట్టింది. పెస్ట్ కంట్రోల్ వారిని పిలవాలని కొందరు, ఉండనివ్వాలని కొందరు అంటున్నారు. పట్టుకుని పెట్టెలోకి మార్చే వీలుందా?
– ఒక గృహిణి

జవాబు: అది కొండ తేనెటీగ. పెట్టెలో ఉండదు. వెలుతురులో, ఒకే పట్టు మీద, ఈగలే ఒకదాని మీద ఒకటి పొరలుగా పట్టుకుని తెరలా కప్పుకుని బతకడం దాని పద్ధతి. కందిరీగ దగ్గరకు వచ్చినప్పుడు ఆ తెర మీద ఒక అల పరుగెత్తడం మీరు కిటికీలోంచి చూసే ఉంటారు. వేలాది ఈగలు క్షణంలో సగం సేపట్లో వరుసగా పొట్టలు పైకెత్తి దించుతాయి. నేపాల్‌లో ఈ అలలను వీడియో తీసి పరిశీలించినవారు, కందిరీగలు ఆ అలను చూసి వెనక్కి మళ్లుతున్నాయని 2008లో ప్రకటించారు.

ఈ ఈగలు పూల కాలాన్ని బట్టి వలస పోతాయి. కొన్ని నెలలకు మీ బాల్కనీ ఖాళీ అవుతుంది. అయితే మళ్లీ వస్తాయా అంటే, వచ్చే అవకాశం ఉంది. అస్సాంలో పట్లు ఖాళీ అయినప్పుడు, తరువాతి ఏడు అదే చోట కొత్త పట్లు పెట్టినప్పుడు జన్యు పరీక్షలు చేసి చూస్తే, కొన్ని పాత కుటుంబాలే తిరిగి వచ్చాయని తేలింది; ఆ ఫలితం 2000లో నేచర్ పత్రికలో వచ్చింది. కాబట్టి ఈగలు వెళ్లిపోయాక మైనం గీకించి ఆ అంచుకు వల బిగించుకుంటే ఎవరికీ హాని లేకుండా సమస్య తీరుతుంది. ఈలోగా ఆ వైపు రాత్రి దీపాలు ఆర్పి ఉంచండి, పిల్లలు రాళ్లు వేయకుండా చూడండి. పగటిపూట మందు కొట్టించడం, మంట పెట్టించడం అన్నింటికంటే ప్రమాదం. తెర చెదిరితే కింద నడిచేవాళ్ల మీద పడుతుంది. తేనె గద్ద పట్టు మీద దాడి చేసినప్పుడు కూడా ఇలాగే జరుగుతుంది, అప్పుడు తలుపులు మూసుకోవడమే మార్గం.

కుట్టితే ముల్లును ఎలా తీయాలన్నది ముఖ్యం కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యమని 1996లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం చెప్పింది. గోటితో గీకినా, వేళ్లతో లాగినా ఫరవాలేదు, ఆలస్యం చేయకూడదు. గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఎక్కువ ఈగలు కుట్టినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: మా ఊరిలో వలిసెల పూతకు పుట్ట తేనెటీగల పెట్టెలు పెట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఈ ఏడు పిల్ల పురుగులు గదుల్లోనే తల పైకెత్తి చచ్చిపోతున్నాయి. ఐరోపా ఈగలు తెచ్చుకోమని ఒకరు సలహా ఇచ్చారు. ఆ ఈగలకు పేనులాంటి పురుగు పడుతుందని కూడా విన్నాం.
– ఒక ఉపాధ్యాయుడు, అరకు ప్రాంతం

జవాబు: చచ్చిన పురుగు ఒకదాన్ని సన్నని పుల్లతో గాని, చిమటాతో గాని తల దగ్గర పట్టి మెల్లగా పైకి తీయండి. నీళ్లు నిండిన తిత్తిలా మొత్తం ఊడి వస్తే అది థాయ్ శాక్‌బ్రూడ్ అని అనుమానించాలి. ఈ వైరస్ తెగులును 1976లో థాయ్‌లాండ్‌లో మొదట గుర్తించారు. రెండేళ్లలో మేఘాలయలో కనబడింది. 1991–92లో కేరళ, తమిళనాడు, కర్ణాటకలలో పుట్ట తేనెటీగల పెట్టెలను దాదాపు తుడిచిపెట్టింది. పశ్చిమ కనుమల పల్లెల్లో తరాలుగా సాగిన తేనె పని ఒకటి రెండేళ్లలో ఆగిపోయింది. తట్టుకుని మిగిలిన కుటుంబాల నుంచే ఆ తరువాత మెల్లమెల్లగా పెంపకం కోలుకుంది.

వైరస్ కాబట్టి యాంటీబయాటిక్ పనిచేయదు. ఎవరైనా అమ్మజూపితే కొనకండి. రోగం తగిలిన పెట్టెలోని రాణిని రెండు వారాల పాటు చిన్న జాలీ పంజరంలో ఉంచి గుడ్లు పెట్టకుండా ఆపితే కొత్త పిల్లలు ఉండవు. ఈలోగా కూలి ఈగలు చచ్చినవాటిని బయట పారేసి గదులు శుభ్రం చేస్తాయి. రోగపు చట్రాలను, పనిముట్లను వేరే పెట్టెలకు మార్చకూడదు. రోగం వచ్చినా తట్టుకున్న పెట్టెలను గుర్తుపెట్టుకుని, వచ్చే ఏడు వాటి నుంచే కొత్త కుటుంబాలు విడదీయాలి. బలహీనమైన వాటిని జాలిపడి నిలబెట్టడం వల్ల రోగం నిలబడుతుంది.

మీరు విన్న పేనులాంటి పురుగు పేరు వర్రోవా. దాని కథ వింటే ఐరోపా ఈగల సలహా మీద మీరే ఒక నిర్ణయానికి వస్తారు. వర్రోవా నిజానికి మన పుట్ట తేనెటీగ మీద బతికే నల్లి. ఈ ఈగకూ దానికీ తరతరాల పోరు, అందుకే ఒక సర్దుబాటు కుదిరింది. పుట్ట తేనెటీగలో ఆ నల్లి ఎక్కువగా పోతుటీగల గదుల్లోనే పిల్లలు పెడుతుంది. నల్లులు మరీ ఎక్కువై నీరసించిన పోతుటీగ గట్టి మూతను తోసుకుని రాలేక లోపలే చస్తుంది, నల్లులు కూడా దానితో పాటే సమాధి అవుతాయి. కూలి ఈగ పిల్లకు నల్లి పడితే ఆ పిల్ల త్వరగా చచ్చిపోతుంది, పెద్ద ఈగలు దాన్ని లాగి పారేస్తాయి. ఒంటి మీద నల్లి కనబడితే ఒకదానికొకటి దులుపుకుంటాయి. ఐరోపా ఈగను మనుషులు ఆసియాకు తెచ్చాక ఈ నల్లి దాని మీదికి ఎక్కింది. అక్కడ ఈ సర్దుబాటు లేదు. కూలి ఈగల గదుల్లో కూడా విచ్చలవిడిగా పెరిగి, ఈగల కొవ్వు కణజాలాన్ని తింటూ, రెక్కలు ముడుచుకుపోయే వైరస్‌ను ఎక్కిస్తుంది. 1987 నాటికి అమెరికా చేరింది. చివరిదాకా తప్పించుకున్న ఆస్ట్రేలియాలో కూడా 2022లో బయటపడింది, మరుసటి ఏడే దాన్ని నిర్మూలించే ప్రయత్నం విరమించారు.

ఐరోపా ఈగలు తెస్తే నల్లికి మందు వేయడం, పూలు లేని నెలల్లో చక్కెర పాకం పెట్టడం, పెట్టెలను పూత వెంట ఊరూరా తిప్పడం తప్పవు. లారీలు పెట్టుకోగల వ్యాపారులకు అది నడుస్తుంది. ఇంటి పెరట్లో నాలుగు పెట్టెలు ఉంచుకుని వలిసెల తేనె గిరిజన సహకార సంస్థకు అమ్ముకునే కుటుంబాలకు పుట్ట తేనెటీగే తగినదని నా ఉద్దేశం. వలిసెలకు పర పరాగ సంపర్కం తప్పనిసరి కాబట్టి ఆ పెట్టెల వల్ల పంటకూ మేలే.

ప్రశ్న: తేనెటీగలు నాట్యం చేసి పూల జాడ చెబుతాయని పాఠంలో చదివాం. అన్ని తేనెటీగలూ ఒకేలా నాట్యం చేస్తాయా? పుట్టుకతోనే వస్తుందా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఈ నాట్యం అర్థాన్ని విప్పినందుకే కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. నిలువు పట్టు మీద ఈగ పొట్ట ఊపుతూ కొంత దూరం సూటిగా నడుస్తుంది. ఆ నడక నిట్టనిలువు నుంచి ఎంత కోణం వాలితే, సూర్యుడి దిక్కు నుంచి పూలు అంత కోణంలో ఉన్నాయన్నమాట. ఊపుతూ నడిచిన సమయం దూరాన్ని చెబుతుంది. ఐరోపా ఈగలో సుమారు ఒక సెకను అంటే ఒక కిలోమీటరు.

మన ఈగలు ఇదే భాషను కొద్ది తేడాలతో వాడతాయి. చిన్న తేనెటీగ పట్టు కొమ్మను చుట్టుకుని పైన చదునుగా ఉంటుంది; ఆ చదును మీద ఆకాశం కనిపిస్తూ ఉండగా అది నేరుగా పూల దిక్కుకే నడుస్తుంది, కోణం మార్చి చెప్పే అవసరం లేదు. దూరం చెప్పే తీరులో కూడా యాసలు ఉన్నాయి. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ భాగస్వామిగా దక్షిణ భారతంలో జరిగి 2020లో వెలువడిన పరిశోధనలో, ఒకే దూరానికి పుట్ట తేనెటీగ అందరికంటే ఎక్కువ సేపు, కొండ తేనెటీగ అందరికంటే తక్కువ సేపు పొట్ట ఊపుతాయని తేలింది. పుట్ట తేనెటీగ దగ్గర్లోనే మేస్తుంది, కనుక చిన్న తేడాలను విడమరచి చెప్పగలదు. కొండ తేనెటీగ చాలా దూరం పోతుంది, కాబట్టి క్లుప్తంగా చెబుతుంది.

ఇక పుట్టుక సంగతి. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన ప్రయోగంలో, పెద్ద ఈగల నాట్యాన్ని ఎన్నడూ చూడని లేత ఈగలతోనే కొన్ని కుటుంబాలు ఏర్పాటు చేశారు. వయసు రాగానే అవి నాట్యం మొదలుపెట్టాయి గాని దిక్కులోనూ, దూరంలోనూ తప్పులు చేశాయి. అనుభవంతో దిక్కు మెరుగుపడింది, దూరం తప్పు మాత్రం చివరిదాకా పోలేదు. నాట్యం పుట్టుకతో వస్తుంది, దాన్ని దిద్దేది పెద్దల సాంగత్యం అన్నమాట. ఈ ప్రయోగం ఐరోపా ఈగలతో చేసినదని గుర్తుంచుకోండి.

ప్రశ్న: సెల్ టవర్ల వల్ల తేనెటీగలు చస్తున్నాయంటారు. తేనెటీగలు అంతరించిన నాలుగేళ్లకే మనిషీ అంతరిస్తాడని ఐన్‌స్టీన్ చెప్పాడంటారు. రెండూ నిజమేనా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: టవర్ల వాదానికి తరచు చూపేది చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో జరిగి 2010లో కరెంట్ సైన్స్‌లో వచ్చిన ప్రయోగం. అది నాలుగు పెట్టెలతో చేసినది, కాల్‌లో ఉన్న ఫోన్లను పెట్టెకే అమర్చారు. దాని నుంచి దూరాన ఉన్న టవర్ గురించి తీర్మానం చేయడం కుదరదు. నల్లి, వైరస్, పురుగుమందు, మేత కొరత అనే నాలుగు కారణాలకు ఉన్నంత బలమైన ఆధారం టవర్లకు లేదు.

ఐన్‌స్టీన్ ఆ మాట అన్నట్లు ఆయన రచనలలో ఎక్కడా దొరకలేదు. ఆయన 1955లో మరణించారు, ఆ మాట 1990లలో ఐరోపాలో తేనెటీగల పెంపకందారుల నిరసనల్లో ప్రచారంలోకి వచ్చింది. విషయపరంగా కూడా అది సరికాదు. వరికి, గోధుమకు, జొన్నకు, మొక్కజొన్నకు ఈగల అవసరం లేదు. 2007లో వెలువడిన ఒక ప్రపంచ స్థాయి పరిశీలన ప్రకారం 115 ముఖ్య పంటలలో 87 పంటలకు జంతు పరాగ సంపర్కం వల్ల లాభం ఉంది. పరిమాణం లెక్కన చూస్తే అవి ప్రపంచ ఆహారోత్పత్తిలో 35 శాతం. ఈగలు పోతే మనిషి చావడు, పళ్లెంలో కూరలు, పండ్లు, నూనెగింజలు తగ్గుతాయి. అందులోనూ అన్నింటికీ తేనెటీగే ఆధారం కాదు. మీ గోదావరి జిల్లాల మామిడి పూత మీద ఒక ఉదయం నిలబడి చూడండి, ఎక్కువగా వాలేవి తేనెటీగలు కావు, మామూలు ఈగల జాతులు.